బతికున్నవాడికి కోసిన మాడ

మా ఆయన పున్నయ్యకి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఉండేవి కావు. ఎలా పోయాయని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పేవాడు. ఒకరికి రైలు తలుపులో పడ్డాయి, ఇంకొకరికి చెరుకు గానుగలో పడ్డాయి. నేను పక్కనే ఉన్నా సిగ్గుపడేవాడు కాదు. అబద్ధం కూడా ఒకటే అనుకుని దానిమీద నిలబడటం రాని మనిషి. వాటిని ఎవరు నరికారో, ఎందుకు నరికారో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. రేపు నేను పోయాక ఆయన్ని గానుగలో చెయ్యిపెట్టిన తెలివితక్కువవాడని ఎవరైనా అంటే నా ప్రాణం ఊరుకోదు. అందుకని చెబుతున్నాను.

మాది తెనాలి. కంసాలి వీధిలో ఇంటిముందు వసారాయే మా కొట్టు. కుంపటి, ఊదుగొట్టం, గీటురాయి, ఒక కత్తెర. ఆ కత్తెర మా మామగారిది. ఆయన ఉండగానే ఇనుపతీగ మీద పడి పై రెక్కకి చిన్న గంటు పడింది. అప్పటినుంచీ దాంతో ఏది కోసినా అంచున సన్నటి గీత లేచేది, పాలపళ్ళ పిల్ల కొరికినట్టు. సాన పట్టించమని వందసార్లు చెప్పాను. అది నాన్న చేవ్రాలు, ఉండనీ అనేవాడు. సంతకం పెట్టడం రాని నాన్నకి కత్తెర గంటే చేవ్రాలట.

ఆయన పిచ్చి కోసిన మాడలు. మాడ అంటే పాతరాజుల కాలం బంగారు నాణెం. ఎండిన తమలపాకంత పల్చన, మధ్యలో వరాహం బొమ్మ, చుట్టూ అక్షరాలు. కొల్లూరు లంకల్లో వరద తీశాక నాగలికి తగిలేవి. బాపట్ల దగ్గర ఇసుక దిబ్బల్లో మేకలు కాసేవాళ్ళకి దొరికేవి. నిండు మాడ దొరికితే షావుకార్లు ఎగరేసుకుపోయేవాళ్ళు. అంచు కోసేసిన మాడ ఎవరికీ అక్కర్లేదు, కరిగించడానికి కంసాలి దగ్గరికే వచ్చేది. మా ఆయన దాన్ని మూసలో వేసేవాడు కాదు. దాని ఎత్తు బంగారం ఇంట్లోంచి తీసి ఇచ్చేసి, మాడని పొడుం డబ్బాలో దూదిమీద పడుకోబెట్టేవాడు. ఇంట్లోంచి అంటే ఎక్కడినుంచి, నా ఒంటిమీదనుంచి. గాజులు పోయాయి, దిద్దులు పోయాయి, ముక్కుపుడక పోయింది. పందొమ్మిది మాడలు చేరేసరికి నా ఒంటిమీద పుస్తెలు రెండూ తప్ప పచ్చగా కనిపించేది పసుపొక్కటే. తల్లి ముక్కుపుడకలోనూ గురిగింజెత్తు కాజేసేవాడు కంసాలని లోకం అంటుంది. నాకు దొరికినవాడు పెళ్ళాం ముక్కు బోసిచేసి లోకానికి పెట్టాడు.

కోసిన మాడలో ఏముందని అడిగితే అప్పుడు మాత్రం నోరు విప్పేవాడు. కోతలు రెండు రకాలట. దొంగకోత అంచు చుట్టూ సమంగా ఉంటుంది, ఎవరూ కనిపెట్టకూడదు కాబట్టి. చావుకోత ఒక్కచోట గిల్లినట్టు ఉంటుంది, దాచాల్సిన పని లేదు కాబట్టి. లంక ఊళ్ళలో పాత ఇళ్ళకి ఒక ఇంటిమాడ ఉండేది. ఇంట్లో పెద్దప్రాణం పోయేటప్పుడు ఆ మాడ అంచునుంచి బియ్యపుగింజంత ముక్క కోసి, తులసినీళ్ళతో పాటు నోట్లో వేస్తారు. ఎన్ని కోతలుంటే ఆ ఇంట్లో అన్ని చావులు. మా ఆయన మాడని కింది పెదవి మీద ఆనించి, అంచు తిప్పుతూ, ఇది మూడుచావుల మాడ, ఇది మా నాన్న కోత అని చెప్పేవాడు. కళ్ళు మూసుకునే చెప్పేవాడు.

ఆ కోతకి కట్టుబాటు ఒకటుంది. కంసాలి స్వయంగా ఆ ఇంటికి వెళ్ళాలి. మంచం పక్కన నిలబడి, గొంతులో గురక పుట్టిందని తన చెవులతో విని, అప్పుడే కత్తెర పెట్టాలి. ముందుగా కోస్తే ఆ ముక్క మనిషిని వెతుక్కుంటుందంటారు. కూలి తీసుకోకూడదు. నీళ్ళు కూడా తాగకుండా వచ్చేయాలి.

అరవై మూడులో బంగారం చట్టం వచ్చింది. పద్నాలుగు క్యారెట్లకి మించి నగ చేస్తే కేసన్నారు. నగ కాని బంగారం ఇంట్లో ఉంటే రాసివ్వాలన్నారు. ఆ పద్నాలుగు క్యారెట్ల దాన్ని జనం ఇత్తడన్నారు, ఎవరూ చేయించుకోలేదు. వీధిలో కుంపట్లు ఆరిపోయాయి. మా ఎదురింటాయన నగలు కడిగే ద్రావకం తాగాడు. పెదవులూ గడ్డం ఉడికిపోయి, మూడురోజులు గోడకేసి తల కొట్టుకుని పోయాడు. ఆయనకి ముక్క కోసింది మా ఆయనే. నోరు తెరవడానికి వీల్లేక కాలిన పెదవుల మధ్య ఇరికించి వచ్చాడు. ఆ రోజునుంచి పొడుం డబ్బా కుంపటి బూడిద కిందికి పోయింది. నేను నూకలు ఏరుకొచ్చి వండేదాన్ని. ఆయన బూడిద తవ్వి మాడలు చూసుకునేవాడు.

అరవై అయిదు కార్తీకమాసంలో ఒక మంగళవారం పొద్దున పాండురంగారావు మా వసారా ఎక్కాడు. కొల్లూరు అవతల లంకలో వాళ్ళది పెద్ద ఇల్లు. అన్న హనుమంతరావు, తమ్ముడు ఇతను. వేరు పడ్డారు గానీ ఇళ్ళ మధ్య గోడ లేదు. ఏడేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయినప్పుడు కోసింది మా ఆయనే. ఆ ఇంటిమాడకి అది నాలుగో కోత. ఒక పక్క అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్న మాడ అదొక్కటే చూశాడట. ఆ రోజు ఇంటికొచ్చి చావు మాట ఎత్తలేదు, అన్నం తింటున్నంతసేపూ ఆ అక్షరాల మాటే.

పాండురంగారావు జేబులోంచి అదే మాడ తీశాడు.

"అన్నయ్యకి గురక పుట్టింది పున్నయ్యా. నువ్వు వచ్చేదాకా ఆగేలా లేడు. ముక్క కోసివ్వు, పట్టుకుపోతా."

"నేను చూడకుండా కోయకూడదండి."

"నిన్ను వెంటేసుకుని బస్సూ పడవా పట్టుకునేసరికి ఆయన పోతాడు. ఉత్తినోటితో పంపమంటావా మా అన్నని?"

మాడ అప్పటికే మా ఆయన చేతిలో ఉంది. పెదవిమీద ఆనించుకున్నాడు. పాండురంగారావు అది చూశాడు. పదకొండోరోజు వెళ్ళాక ఈ మాడ నీకే ఇచ్చేస్తాను, మా ఇంట్లో ఇక దీన్ని దాచేవాళ్ళెవరూ లేరు అన్నాడు.

అంతే. మాడ కనపడితే ఆయనకి మనిషి కనపడడు. కత్తెర తీసి కోశాడు. పాండురంగారావు ముక్కని కాగితంలో చుట్టి, మాడ జేబులో వేసుకుని మెట్లు దిగాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"అన్న చచ్చిపోతుంటే కిళ్ళీ నములుతున్నాడేంటి?" అన్నాను.

"ఒక పక్క అక్షరాలు ఇంకా ఉన్నాయే," అన్నాడు మా ఆయన.

మర్నాడు సాయంత్రం కొల్లూరునుంచి కూరగాయలు తెచ్చే ఆడవాళ్ళు బజార్లో చెప్పుకుంటుంటే విన్నాను. హనుమంతరావుని మధ్యాహ్నంపూట అరటితోటలో నరికేశారు. మంచంలో ఉన్న మనిషిని కాదు, గెలలు కోయించడానికి తోటకి నడిచివెళ్ళిన మనిషిని. మొదటి దెబ్బ వెనకనుంచి మెడమీద. చెయ్యి అడ్డం పెడితే మణికట్టు తెగి తోలుతో వేలాడింది. పడ్డాక నాలుగు దెబ్బలు. అరటిబోదె నరికినట్టు నరికారు, నెత్తురూ అరటిజిగురూ కలిసి ఒంటికి అట్టకట్టింది, కడగబోతే ఊడిరాలేదని చెప్పారు. తమ్ముడు శవంమీద పడి దొర్లి ఏడ్చాడట.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. మా ఆయన ఊదుగొట్టం కింద పెట్టేశాడు. ఆయన కోసింది గురక పుట్టినవాడికి కాదు. మర్నాడు చంపబోయేవాడికి.

వాళ్ళిద్దరి మధ్యా పగపెట్టింది కృష్ణ. ఆ ఏడు వరదకి తమ్ముడి చేను నిలువునా కోసుకుపోయింది, ఆ మట్టి తెచ్చి అన్న చేను పక్కన మేటవేసింది. తమ్ముడు నా మట్టి నాకిమ్మన్నాడు. ఏటినడుగు అన్నాడు అన్న. నాలుగు నెలలు అదే మాట తిరిగింది. ఆఖరికి చంపాలనుకున్నాడు పాండురంగారావు. కానీ ఆ ఇంట్లో పుట్టినవాడు కదా. నోట్లో బంగారం లేకుండా పోయిన పెద్దవాడు గడపమీదే కూర్చుంటాడని తల్లి చెప్పగా విని పెరిగినవాడు. అన్నని చంపడానికి చెయ్యి వచ్చింది, ఉత్తినోటితో చంపడానికి రాలేదు. ముక్క ముందే కోయించుకుని, మాడ మళ్ళీ అన్న ఇంటి పెట్టెలో పెట్టేసి, మర్నాడు నరికి, కొనప్రాణం ఉండగా తన చేత్తోనే నాలుక కింద పెట్టాడు. పాపిష్ఠివాడు పాపం ఒక్కటి చేసి ఊరుకుంటే బతికిపోయేవాడు, అందులో పుణ్యం కూడా చేయబోయాడు.

పోలీసులు తోటలో పనిచేసే ఏసుబాబుని పట్టుకుపోయారు. నరికిన కత్తి అతనిది. గెలలు కోసి, అన్నానికి వెళ్తూ బోదెకి గుచ్చి వెళ్ళాడు, అంతే అతను చేసిన నేరం. స్టేషన్లో ఒప్పుకోమని కొట్టారు. ముందుపళ్ళు ఊడిపోయాయి. అరికాళ్ళమీద కొట్టి గెంతించారు. వాళ్ళావిడ చంటిపిల్లని ఎత్తుకుని స్టేషను గోడ పక్కన కూర్చుని, లోపలి అరుపులు లెక్కపెట్టుకునేదట.

నాలుగోరోజు హనుమంతరావు భార్య మహాలక్ష్మి ఒక్కతే మా ఇంటికి వచ్చింది. పదోరోజు కాలేదు గనక బొట్టు ఉంది, కళ్ళలో నీళ్ళు మాత్రం లేవు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ముక్క కోయిద్దామని పెట్టె తీసిందట. మాడకి కొత్త కోత కనిపించింది. ఎవరితోనూ అనకుండా కొంగున కట్టుకుంది. ఇప్పుడు దాన్ని మా ఆయన ముందు గీటురాయి మీద పెట్టింది.

"ఎన్ని కోతలు?"

"ఐదండి."

"మా అత్తగారు పోయిననాటికి?"

"నాలుగు."

"ఐదోది ఎవరికి కోశావు?"

మా ఆయన చెప్పేశాడు. పాండురంగారావు మంగళవారం పొద్దున వచ్చాడని, గురక అన్నాడని, తను చూడకుండానే కోశానని. పదకొండోరోజు మాడ ఇస్తానన్నాడని కూడా చెప్పాడు. అది చెప్పకపోయినా పోయేది. చెప్పాడు.

"మంగళవారం మా ఆయన వసారాలో కూచుని పెసలు బాగుచేయిస్తున్నాడు," అంది మహాలక్ష్మి.

ఊదుగొట్టం తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది. నెత్తిమీద, భుజాలమీద, మొహంమీద. కనుబొమ చిట్లి నెత్తురు కుంపట్లో పడి చుయ్యిమంది. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. నేనూ లేవలేదు. ఆవిడ నావంక చూసింది, పెళ్ళాం ఎందుకు అడ్డురాదా అన్నట్టు. ఇంకో నాలుగు వెయ్యమ్మా, నా వంతువి కూడా అన్నాను. అప్పుడు గొట్టం పారేసి కూలబడి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమే మా ఆయన మొహానికి గుడ్డ కట్టుకుని ఆవిడతో పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. శవం కోసిన డాక్టరు నాలుక కింద బంగారం ముక్క తీసి, కట్టుడుపన్ను తునక అనుకుని పొట్లంలో పెట్టాడట. ఆ పొట్లం అప్పటిదాకా ఎవరూ విప్పలేదు. విప్పి మాడ పక్కన పెడితే అతికింది. ఏసుబాబుని వెంటనే వదల్లేదు, కొట్టడం మాత్రం ఆపారు. పాండురంగారావుని కూడా పట్టుకున్నారు. ఇద్దరిలో ఒకరు ఉరికంబం ఎక్కాలి. ఎవరన్నది మా ఆయన కోర్టులో చెప్పే మాటమీద ఉంది.

పాండురంగారావు లోపల ఉన్నా, అతని బామ్మర్దులు బయటే ఉన్నారు. మొదట పెద్దమనుషుల్ని పంపారు. తర్వాత మా గుమ్మానికి కోసిన కోడితల మేకుతో కొట్టి వెళ్ళారు. నేను తల పీకి పెంటమీద వేసి, మేకు దాచుకున్నాను. మేకు మంచిది.

మాఘమాసంలో రేపల్లెనుంచి కబురొచ్చింది. ఒక బియ్యంమిల్లు వాళ్ళ ఇంట్లో చంటిదానికి చెవులు కుట్టాలి, పున్నయ్యే రావాలన్నారు. ఇంట్లో గింజలు లేవు. పొద్దున రైలుకి వెళ్ళాడు. స్టేషన్లో ముగ్గురు కలిసి మిల్లుకి దారి చూపిస్తామన్నారు. మిల్లు వెనక ఊకగుట్ట దగ్గరికి తీసుకెళ్ళి పడగొట్టారు. ఒకడు ఛాతీమీద కూర్చున్నాడు. ఒకడు నోట్లో ఊక కుక్కాడు. మూడోవాడు కుడిచెయ్యి ఇటుకమీద పెట్టి, గెలలు కోసే కత్తి తీశాడు.

"కోర్టులో మా బావని వేలెత్తి చూపిస్తావంటగా. ఏ వేలు?"

చూపుడువేలు ఒక్కదెబ్బకి పోయింది. బొటనవేలుకి మూడు దెబ్బలు పట్టాయి. తెగిన వేళ్ళు ఊకలో ఎక్కడో పడిపోయాయి. మిల్లు ఆడుతున్న చప్పుడుకి ఎవరికీ ఏమీ వినపడలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక, చేతిని ఊకలో అదిమిపెట్టుకుని, మిషన్ ఆసుపత్రిదాకా తనే నడిచాడు. అక్కడి కాంపౌండరు కుట్లువేసి, కట్టుకట్టి, సాయంత్రం రైలెక్కించాడు. తెనాలి స్టేషన్నుంచి ఇంటికి వచ్చి, వసారాలో కూర్చుని, కత్తెర ఎక్కడుందే అని అడిగాడు. ఎడమచేత్తో తీసుకున్నాడు. కాడల్లో వేళ్ళు దూర్చి ఆడించాడు. తెరుచుకుంది, మూసుకోలేదు. కుడిచేతి కత్తెర అది, ఎడమచేతికి లొంగదు.

మా అన్న పిచ్చయ్య వచ్చి మమ్మల్ని బాపట్ల తీసుకుపోయాడు. ఊరిబయట అతని పాకలో ఐదునెలలు దాక్కున్నాం. అన్న రోజూ ఒకటే పాట. ఎవడో చచ్చాడు, ఎవడో చంపాడు, నడుమ నీకు వేళ్ళు పోయాయి, చాలదా, ఇంక చెయ్యికూడా పోవాలా అని. మా ఆయన రాగిరేకు ముక్క పట్టుకుని ఎడమచేత్తో కోయడం నేర్చుకునేవాడు. జారి అరచేతిలో దిగేది. నెత్తురు తుడుచుకుని మళ్ళీ పట్టుకునేవాడు. ఒకరోజు అన్న కోపం ఆపుకోలేక ఆ కత్తెర లాక్కుని బావిలో వేయబోయాడు. మా ఆయన అన్నని గోడకి అదిమి, మూడువేళ్ళ చేత్తో గొంతు పట్టుకున్నాడు. మా పెళ్ళయిన పదిహేడేళ్ళలో ఆయన ఒకరిమీద చెయ్యివేయడం అదే చూశాను.

"ఏసుబాబుకి కూడా నేనే ముందుగా ముక్క కోశాననిపిస్తుంది బావా. వాడింకా బతికే ఉన్నాడు," అన్నాడు.

అన్న కత్తెర ఇచ్చేశాడు.

గుంటూరు కోర్టులో పాండురంగారావు తరఫు లాయరు మంచి కోటు వేసుకుని వచ్చాడు. ఈ కంసాలి ఆ ముక్క కోయనే లేదన్నాడు. మహాలక్ష్మి ఇచ్చిన గింజలు తిని కథ అల్లాడన్నాడు. బంగారం ఏ కత్తెరతో కోసినా ఒకటే, ఇది ఇతని కోత అని ఎవడు చెప్పగలడు అన్నాడు.

మా ఆయన బొడ్లోంచి పొడుం డబ్బా తీశాడు. అది తెస్తాడని నాక్కూడా చెప్పలేదు. బల్లమీద దూది పరిచి పందొమ్మిది మాడలూ పేర్చాడు. గుడ్డతో తన కళ్ళు తనే కట్టుకున్నాడు. లాయరుగారూ, కలిపి ఒక్కొక్కటీ ఇవ్వండి అన్నాడు. ఆయన ఇచ్చాడు. మా ఆయన పెదవిమీద తిప్పి, ఇది దొంగకోత, ఇది మా నాన్నది, ఇది ఎవరిదో నాకు తెలియదు, ఇది నాది అంటూ పక్కకి పెట్టాడు. లాయరు మధ్యలో ఒకటి తెలివిగా రెండోసారి ఇచ్చాడు. ఇది ఇందాక ఇచ్చారండి అన్నాడు. కోర్టులో ఎవరో నవ్వారు. తర్వాత గంటు కత్తెర తీసి, జడ్జిగారి ముందు ఎడమచేత్తో రాగిరేకు కోశాడు. కోత వంకరగా వచ్చింది. జడ్జిగారు అద్దం పెట్టి రేకు అంచూ, శవం నోట్లో దొరికిన ముక్క అంచూ పక్కపక్కన చూశారు. రెండిటికీ అదే గీత.

"చెయ్యి మారిందండి, కత్తెర మారలేదు," అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత రేవులో పడవవాడు కూడా మంగళవారం పాండురంగారావుని ఎక్కించుకున్నానని చెప్పాడు. బతికున్నవాడికి ముందురోజే ముక్క కోయించినవాడు ఎవడో అందరికీ అర్థమైపోయింది. పాండురంగారావుకి యావజ్జీవం పడింది. బామ్మర్దులకి మూడేళ్ళు. ఏసుబాబుని వదిలారు. బయటికొచ్చి మా ఆయన కాళ్ళమీద పడబోతే, మా ఆయన నాలుగడుగులు వెనక్కి దూకాడు, నిప్పు మీద కాలేసినట్టు.

పందొమ్మిది మాడలూ ఇంటికి రాలేదు. రాసివ్వని బంగారమని ఆఫీసువాళ్ళు అక్కడికక్కడే పట్టుకుపోయారు. నా నాలుగు గాజులూ, దిద్దులూ, ముక్కుపుడకా అలా సర్కారుకి చేరాయి. ఖాళీ డబ్బా మాత్రం వెనక్కిచ్చారు. తెలిసే తీసుకెళ్ళావా అని అడిగాను. తెలుసన్నాడు. ఆ ఒక్కరోజు నేను ఆయన్ని ఏమీ అనలేదు. మర్నాటినుంచి మామూలే.

కేసు అయ్యాక మహాలక్ష్మికి ఇంటిమాడా ముక్కా తిరిగిచ్చారు. ముక్కని ఆవిడ భర్త బూడిద కలిపిన రేవులోనే కృష్ణలో వేసింది. మాడ తీసుకుని మా వసారా ముందుకి వచ్చింది, మెట్లు ఎక్కలేదు. మా ఆయన ఒళ్ళోకి విసిరింది.

"నీకు కావలసింది ఇదేగా, ఉంచుకో."

ఆయన దాన్ని డబ్బాలో పెట్టాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికాడు, ఒక్కసారీ పెదవిమీద ఆనించలేదు. ఎడమచేత్తో బిందెలకి మాట్లు వేసి, గొళ్ళేలు అతికి బతికాం. చావుకోతకి ఎవరైనా పిలిస్తే వెళ్ళేవాడు. మంచం పక్కన గంటల తరబడి కూర్చునేవాడు, గురక పుట్టినా ఇంకా కాదు, ఇంకా కాదు అనేవాడు. రెండిళ్ళలో ఆయన కోసేలోపే ప్రాణం పోయింది. తిట్టి పంపారు. ఇక పిలవడం మానేశారు.

డెబ్బై అయిదులో ఆయనకి జబ్బుచేసింది. ఊపిరితిత్తులు, ఊది ఊది. ఏసుబాబు లంకనుంచి ప్రతినెలా అరటిగెల భుజాన వేసుకుని వచ్చేవాడు. పళ్ళులేని ఇద్దరికీ అదే తిండి, ఒకడికి కొట్టి ఊడగొట్టారు, ఒకడికి జబ్బుకి ఊడాయి. నా నోట్లో ఏమీ వేయకు అని మా ఆయన నాతో మూడుసార్లు అన్నాడు. ఆ మాడ ముట్టుకోకు అని ఎన్నోసార్లు అన్నాడు.

ఒక ఆదివారం పొద్దున గొంతులో గురక పుట్టింది. మా ఆడపడుచు జయలక్ష్మి తులసినీళ్ళు తెచ్చింది. బంగారం ఏదంది. డబ్బాలో ఆ మాడ తప్ప ఇంట్లో లేదు. అది ముట్టుకోవద్దన్నాడన్నాను. ఉత్తినోటితో పంపుతావా మా అన్నయ్యని అంది. సరిగ్గా ఆ మాటే. పదేళ్ళ కిందట ఆ వసారాలోనే పాండురంగారావు అన్న మాట. నాకు ఒళ్ళు మండిపోయింది.

మంచం పక్కన కూర్చున్నాను. గురక విన్నాను. తొందరపడలేదు. ఆయన కట్టుబాటు ఆయనకి చేసి చూపించాలి కదా. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ నడుమ బాగా ఎడం వచ్చింది. అప్పుడు గూట్లోంచి గంటు కత్తెర తీశాను. మెడలోంచి పసుపుతాడు ముందుకి లాగి, అత్తింటివాళ్ళు చేయించిన పుస్తె అంచున పెట్టాను. జయలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"మొగుడి ఊపిరి ఉండగా పుస్తె కోస్తావా వదినా? నువ్వు మనిషివేనా?"

"ఊపిరి పోయాక కోస్తే ఎవరి నోట్లో వెయ్యను, నీ నోట్లోనా?"

విదిలించి కోశాను. పుస్తె చిన్నది, బియ్యపుగింజంత కూడా రాలేదు. ఏసుబాబు తల పట్టుకుని నోరు తెరిచాడు. నాలుక కింద పెట్టి తులసినీళ్ళు పోశాను. ఆయన కళ్ళు తెరిచి నావంక చూశాడు. పెదవులు కదిపాడు, అంచు వెతుకుతున్నట్టు. పుస్తెని కింది పెదవిమీద ఆనించి తిప్పాను. కోత దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవి ఆగింది. మా నాన్నదే అన్నాడో, నాదే అన్నాడో నాకు వినపడలేదు. ఇంకో ఊపిరి రాలేదు.

పదోరోజు పుస్తెలు తీశారు. నిండుది జయలక్ష్మికి ఇచ్చేశాను. కోసినదాన్ని పొడుం డబ్బాలో, ఆ ఐదుకోతల మాడ పక్కన, దూదిమీద పెట్టాను. కరిగించమని ఇప్పటికి నలుగురు అడిగారు. అడిగిన నలుగురికీ చెప్పుతో సమాధానం చెప్పాను.